జుట్టు సాపు చేయించుకున్న పిల్లలు ఆట మానాల్సిన పని లేదు

సంపాదకుల గారికి నమస్కారం.

అనంతపురంలో తెల్లవారితే నడిచేవాళ్ళకు, పరిగెత్తేవాళ్ళకు కొదవ లేదు. అందులో కాలేజీ వయసు ఆడపిల్లలు ఎందరని చూస్తే మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇంటి పని, చదువు, దారిలో పదిమంది చూపులు, కారణాలు చాలానే ఉన్నాయి. వాటితో పాటు ఎవరూ పైకి చెప్పని కారణం ఒకటుంది, జుట్టు. రింగుల జుట్టును వేల రూపాయలు పోసి సాపు చేయించుకున్న అమ్మాయి చెమట పట్టే ఏ పనికైనా జంకుతుంది. బాగా ఖోఖో ఆడే పిల్ల కూడా పార్లరులో జుట్టును సాపు చేసే కెరాటిన్ పూత చేయించుకున్న నెలంతా గేమ్స్ పీరియడ్‌లో గోడ పక్కన కూర్చుంటుంది. ఈ ఉత్తరం రాస్తున్న మా ఇద్దరిలో ఒకరు బ్యూటీ పార్లరు నడుపుతారు, ఇంకొకరు ఆడపిల్లలకు ఆటలు నేర్పుతారు. జుట్టూ ఆటా రెండూ నిలబడే దారి ఉంది. దాన్ని కొలతలతో సహా చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ముందు ఒక మాట. ఇదంతా సోకు అని కొట్టిపారేసే పెద్దలతో మేము ఏకీభవించం. రింగుల జుట్టు పిల్లను 'తల దువ్వుకోలేదా' అని అడగని చుట్టాలు మన దగ్గర తక్కువ. ఫొటోల దగ్గర, పెళ్ళిచూపుల దగ్గర, ఉద్యోగం ఇంటర్వ్యూ దగ్గర సాపు జుట్టుకే మార్కులు. అమెరికాలో నల్లజాతి స్త్రీలకైతే ఇది తరతరాల బాధ. వాళ్ళ జుట్టు సన్నని స్ప్రింగులా బిగువుగా మెలితిరిగి ఉంటుంది. దాన్ని వేడి దువ్వెనతోనో, సోడియం హైడ్రాక్సైడ్ కలిసిన క్రీముతోనో సాపు చేసుకోకపోతే ఉద్యోగాల్లో, బడుల్లో చిన్నచూపు తప్పేది కాదు. సహజమైన జుట్టును బట్టి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేయాల్సి వచ్చింది. 2011 ఆగస్టులో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ రెజీనా బెంజమిన్, తనూ నల్లజాతి వైద్యురాలే, అట్లాంటాలో కేశాలంకరణ నిపుణుల ప్రదర్శనకు వెళ్ళి, జుట్టు పాడవుతుందని ఆడవాళ్ళు వ్యాయామం మానేస్తున్నారు, దీనికి దారి చూపండని అడిగారు. ఒక సర్వేలో చర్మవైద్యులు 103 మంది నల్లజాతి స్త్రీలను ప్రశ్నిస్తే, పదిమందిలో దాదాపు నలుగురు జుట్టు కోసం వ్యాయామం తప్పించుకుంటున్నామని ఒప్పుకున్నారు. ఒక దేశపు ప్రధాన వైద్యాధికారి పార్లరు వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడిన విషయాన్ని మనం సోకు అని తీసిపారేయడం సబబు కాదు.

ఇక అసలు సంగతి. చెమటకు సాపు జుట్టు ఎందుకు తిరగబడుతుంది? వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే బంధాలలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి హైడ్రోజన్ బంధాలు. నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరగానే మళ్ళీ కలుస్తాయి. రెండోది గంధకపు బంధాలు. వీటిని మందు తప్ప నీళ్ళు కదిలించలేవు. ఇంట్లో ఐరన్ మెషీన్‌తో చేసేది మొదటి రకం బంధాలతో పని. అందుకే ఒక్క చెమటతో పోతుంది. స్మూతనింగ్, రీబాండింగ్‌లో క్రీముతో గంధకపు బంధాలు విప్పి, వెంట్రుకను సాపుగా నిలిపి, రెండో మందుతో మళ్ళీ బిగిస్తారు. అలా చేసిన వెంట్రుకను చెమట మళ్ళీ రింగులు చేయలేదు. కానీ నెలకు సుమారు ఒక సెంటీమీటరు కొత్త జుట్టు కుదుళ్ళ దగ్గర రింగులతోనే వస్తుంది. మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు. చెమటకు ఉబ్బేది ఆ భాగమే. 'స్మూతనింగ్ పోయింది' అని పార్లరుకు వచ్చేవాళ్ళలో చాలామందిది నిజానికి ఇదే పరిస్థితి. పాత జుట్టుకు ఏమీ కాలేదు, కొత్తది పెరిగిందంతే. దాని కోసం మొత్తం జుట్టుకు మళ్ళీ మందు పెడితే పాత భాగం పీచులా తెగిపోతుంది. కెరాటిన్ వీటి మధ్యరకం. వెంట్రుక మీద పూతలా నిలిచి కొన్ని నెలల్లో కడుగుతున్నకొద్దీ పోతుంది. దానికి చెమట కంటే రోజూ షాంపూ పెట్టడమే పెద్ద శత్రువు.

వీటన్నిటికీ కలిపి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. తడిసిన జుట్టు ఏ ఆకారంలో ఆరుతుందో ఆ ఆకారంలోనే నిలుస్తుంది. చెమట పట్టడం వల్ల సగం నష్టమైతే, ఆ చెమట ఎలా ఆరిందన్నదాని వల్ల మిగతా సగం. ఆట అయిపోగానే రబ్బర్ బ్యాండు లాగేసి, జుట్టు విదిలించి, ఫ్యాను కింద నిలబడటం అందరూ చేసే పని. ఆరేదంతా ఎగిరి, ఉబ్బి ఆరుతుంది. కట్టు విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఓపిక పడితే కుదుళ్ళు అణిగి ఆరతాయి.

ఆటకు ముందు జుట్టును ఇలా కట్టాలి. చిక్కు తీసి, పైకి దువ్వి, నడినెత్తి కంటే కాస్త కిందగా వదులుగా పోనీటెయిల్ (పోనీ) వేయాలి. రబ్బర్ బ్యాండు వద్దు, గుడ్డ చుట్టిన స్క్రంచీ కావాలి. రబ్బరు పట్టిన చోట జుట్టు తడిసి ఆరితే అక్కడే నొక్కు పడుతుంది, ఐరన్ చేసినా తొందరగా పోదు. ఒక వేలు లోపల దూరేంత వదులుండాలి. నడుము దాకా జుట్టున్న పిల్లలు పోనీ కింద జానెడుకొక స్క్రంచీ చొప్పున మూడు నాలుగు వేసుకుంటే జడ వేయకుండానే జుట్టు చెదరదు, అల పడదు. జడ వేస్తే ఆ చెమటకు మెలికలు పడతాయి. ఐరన్ చేసుకున్నవాళ్ళకు ఇది ముఖ్యం. రీబాండింగ్ వాళ్ళు వదులు జడ వేసుకున్నా నష్టం లేదు.

తర్వాత రెండు గుడ్డలు. నుదుటి మీద, ముంగురుల అంచు వెంబడి రెండంగుళాల వెడల్పు నూలు పట్టీ. చెమట పీల్చేది నూలే. దాని పైన తలంతా కప్పేలా పట్టు గానీ శాటిన్ గానీ చదరపు గుడ్డ. నూలు గుడ్డనే తలంతా చుడితే జుట్టు రాపిడికి గరుకెక్కుతుంది. ఉట్టి శాటిన్ చుడితే చెమట లోపలే నిలుస్తుంది. అందుకే రెండూ కావాలి. బజారులో కొనక్కర్లేదు. ధర్మవరం పట్టు నేసే ప్రాంతం మనది, ఇంట్లో పాత పట్టుచీర లేని గడప అరుదు. జరీ తగలని ఒడలు భాగం నుంచి 90 సెంటీమీటర్ల చదరం కత్తిరించి, అంచులు మడిచి కుట్టించుకుంటే చాలు. జరీ ఉన్న ముక్క తీసుకుంటే ఆ పోగులు వెంట్రుకల్ని పట్టి లాగుతాయి. మూలకు మూల మడిచి, మడతను నుదుటి మీదికి తెచ్చి, కొనలు మెడ వెనక పోనీ కింద ముడి వేయాలి. నూలు పట్టీ మీదికి అంగుళమన్నా గుడ్డ రావాలి, లేకపోతే పరిగెత్తేటప్పుడు జారిపోతుంది. రాత్రి పడుకునేటప్పుడూ ఇదే గుడ్డ పనికొస్తుంది. నల్లజాతి స్త్రీలు సాపు జుట్టును తల చుట్టూ దువ్వి, పిన్నులు పెట్టి, శాటిన్ రుమాలు కట్టుకుని పడుకోవడం వాళ్ళ ఇళ్ళలో మామూలు అలవాటు. భుజాల దాకా జుట్టున్నవాళ్ళకు ఆ పద్ధతి బాగా కుదురుతుంది. మన పొడవు జుట్టుకు స్క్రంచీలే మేలు.

ఆట అయ్యాక గుడ్డ విప్పకుండా పైనుంచి అరచేత్తో అదిమి అదిమి చెమట పీల్చాలి. పదిహేను నిమిషాలకు విప్పి చూస్తే రెండు చోట్ల తడి మిగిలి ఉంటుంది, చెంపల దగ్గర, మెడ వెనక. ముందు తిరగబడేవీ ఆ రెండు చోట్లే. హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి, దువ్వెనతో కుదురును కాస్త లాగి పట్టి, రెండేసి నిమిషాలు ఆరబెడితే సరిపోతుంది. తలలో ఉప్పు, జిడ్డు మిగలకుండా శుభ్రమైన నూలు గుడ్డను నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, నాలుగు పాపిటలు తీసి ఒక్కొక్క పాపిట వెంబడి చర్మానికి అద్దాలి. రుద్దకూడదు. తుడవాల్సింది మాడు చర్మాన్ని, వెంట్రుకల్ని కాదు. డ్రై షాంపూ వాడేవాళ్ళు తడి మీద కొడుతుంటారు. అది జిడ్డును పీలుస్తుంది గానీ చెమటను కాదు, తడిలో ముద్దకట్టి దురద తెస్తుంది. పూర్తిగా ఆరాకే, జానెడు దూరం నుంచి, కుదుళ్ళ మీద మాత్రమే. టాల్కం పౌడరు చల్లుకోవడం అసలే వద్దు.

చెమట తల మీద ఐరన్ పెట్టడం మేము చూసే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది. ఆటకూ క్లాసుకూ మధ్య పావుగంట దొరికితే ఆత్రంగా చేసే పని ఇది. ప్లేట్ల మధ్య 'చుయ్' మని చప్పుడొచ్చిందంటే వెంట్రుక లోపలి నీరు మరిగి ఆవిరవుతున్నట్టే. ఆ ఆవిరికి లోపల బుడగలు లేస్తాయి, వెంట్రుక అక్కడికక్కడ విరుగుతుంది, ఏ సీరమూ దాన్ని మళ్ళీ అతికించలేదు. ఐరన్ అంటే తలస్నానం చేసి, నూటికి నూరుపాళ్ళు ఆరాక, వేడి నుంచి కాపాడే సీరం నాలుగైదు చుక్కలు చివర్ల నుంచి పైకి రాసి, రెండు వేళ్ళ వెడల్పు పాయ తీసి ఒకసారి, తప్పదంటే రెండోసారి, నెమ్మదిగా లాగడం. సన్నని జుట్టుకు 150 డిగ్రీలు, మామూలు జుట్టుకు 170 నుంచి 180. మందంగా ఉండే రింగుల జుట్టుకైనా 200 దాటనివ్వకండి. అంకె కనిపించని చవక మెషీన్‌తో ఎంత వేడి తగులుతుందో తెలియదు, అలాంటిది కొనకపోవడమే మంచిది. కొబ్బరి నూనె రాసి ఐరన్ చేయడమూ పొరపాటే. నూనె తలస్నానానికి గంట ముందు రెండు చెంచాలు పొడవు జుట్టుకు రాస్తే మేలు చేస్తుంది, నీళ్ళలో వెంట్రుక నుంచి పోయే మాంసకృత్తులను తగ్గిస్తుంది. వేడి ముందు అది పనికిరాదు.

ఎప్పుడు కడగాలి, ఎప్పుడు చెమటోడ్చాలి అన్నది కుదిరితే మిగతాదంతా తేలిక. బరువైన కసరత్తు తలస్నానం రోజున, తేలికది మధ్య రోజుల్లో. ఉదాహరణకు ఆదివారం పొద్దున 40 నిమిషాలు పరుగు, తర్వాత తలస్నానం, సాయంత్రం ఐరన్. సోమవారం ఫ్యాను కింద 20 నిమిషాలు గుంజీళ్ళు, గోడ పుషప్‌లు. మంగళవారం ఎండ రాకముందే అరగంట నడక. బుధవారం 40 నిమిషాలు ఖోఖో గానీ పరుగు గానీ, తర్వాత రెండో తలస్నానం. శుక్రవారం మళ్ళీ అరగంట నడక. మొత్తం 160 నిమిషాలు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క దీనితో తీరుతుంది. 17 ఏళ్ళ లోపు పిల్లలకు మాత్రం సగటున రోజుకు గంట కావాలి. వాళ్ళు గురువారం, శనివారం ఇంటి పట్టున కూర్చోకూడదు. ఐరన్ మాత్రమే చేసుకునేవాళ్ళకు బుధవారం తలస్నానంతో సాపు పోతుంది. పోనివ్వండి. వారానికి ఒక్కసారికి మించి వేడి పెట్టకూడదు కాబట్టి గురు, శుక్ర, శనివారాలు రింగులతోనో, వదులు జడతోనో గడపాలి. ఈ మాట చెబితే పార్లరులో ముఖాలు చిన్నబోతాయి. అయినా చెప్పక తప్పదు, వారానికి మూడుసార్లు కాల్చిన జుట్టు ఏడాది తిరగక ముందే పలచబడి చివర్లు చీలుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నల్లజాతి స్త్రీలకు వారానికొకసారో, రెండు వారాలకొకసారో తలస్నానం చాలని అమెరికా చర్మవైద్యులు చెబుతారు. వాళ్ళ వెంట్రుక మెలికల వల్ల మాడులో ఊరే జిడ్డు చివరిదాకా దిగదు, జుట్టు త్వరగా పొడిబారుతుంది. ఆ సలహాను యూట్యూబులో విని మన పిల్లలూ పది రోజులు తల కడగకుండా ఉంటున్నారు. మన జుట్టులో జిడ్డు తొందరగా దిగుతుంది, పైగా అనంతపురం ఎండ, దుమ్ము. చెమటోడ్చేవాళ్ళకు వారానికి రెండుసార్లు తప్పదు. చెమట, జిడ్డు నిలిచిన మాడు మీద చుండ్రు పెంచే ఫంగస్ చెలరేగుతుంది. దురద, పొలుసులు, చిన్న చీముపొక్కులు కనిపిస్తే కొత్త స్టైలు ఆలోచన పక్కన పెట్టి చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి. చెంపల దగ్గర జుట్టు పలచబడటం, పోనీ విప్పగానే మాడు నొప్పి, కుదుళ్ళ దగ్గర తెల్లటి పొక్కులు, ఇవి బిగువు కట్టుకు గుర్తులు. అప్పుడే వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళు గడిస్తే కుదురే చచ్చిపోతుంది.

మన ఊళ్ళలో ఇంకో చిక్కు నీళ్ళతో. బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ. నురగ రాదు, జుట్టు ఆరాక గరగరలాడుతుంది, దాన్ని చూసి స్మూతనింగ్ పాడైందనుకుంటారు. సబ్బుతో తల రుద్దితే ఆ నీళ్ళలో తెల్లటి జిగురు తేలి వెంట్రుకకు అంటుకుంటుంది, సబ్బు వద్దు. షాంపూ, కండిషనర్ అయ్యాక చివరి రెండు లీటర్లు మాత్రం క్యాను నీళ్ళు పోసుకోవాలి. 20 లీటర్ల క్యాను ఒకటి పది తలస్నానాలకు వస్తుంది. రెండు వారాలకోసారి ఆ చివరి నీళ్ళలో లీటరుకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపితే పేరుకున్న సున్నం కొంత వదులుతుంది. తర్వాత వెనిగర్ కలపని క్యాను నీళ్ళతో కడిగేయాలి. మాడు మీద పుండ్లుంటే వెనిగర్ జోలికి పోవద్దు.

స్కూటీ మీద వెళ్ళే పిల్లలు చెమట తలకే హెల్మెట్ పెట్టుకుంటారు. హెల్మెట్ తీసేయమని మేము అనం, చెమట ఆరేదాకా ఆగి పల్చటి రుమాలు కట్టుకుని దాని మీద పెట్టుకోమంటాం. హెల్మెట్ లోపలి మెత్తను వారానికోసారి ఉతికి ఎండలో ఆరేయాలి. ఈతకు వెళ్ళేవాళ్ళు కొలనులో దిగే ముందే మంచినీళ్ళతో జుట్టు తడిపి, కండిషనర్ రాసి, సిలికోన్ టోపీ పెట్టుకోవాలి. అప్పటికే నీళ్ళు తాగిన వెంట్రుక క్లోరిన్ నీటిని తక్కువ పీలుస్తుంది.

మందు పెట్టించుకునే రోజు గురించి కూడా చెప్పాలి. ఆ రోజు పొద్దున చెమట పట్టే కసరత్తు చేయకూడదు, తల గోక్కోకూడదు. గీరుకుపోయిన చర్మం మీద క్రీము మండి పుండవుతుంది. స్మూతనింగ్ అయ్యాక పార్లర్లలో 72 గంటలు తడపొద్దు, కట్టొద్దు అంటారు. ఆ మూడు రోజులు తేలికగా నడవండి, నాలుగో రోజు నుంచి మైదానం మీదే. నెల మానాల్సిన పని ఏ రకానికీ లేదు. కెరాటిన్ పేరుతో పెట్టే కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం నిర్ధారించింది. ఐరన్ పెట్టగానే కళ్ళు, ముక్కు మండితే కుర్చీలోంచి లేచి బయటికి రండి. 2022లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో జుట్టు సాపు చేసే మందులు తరచుగా వాడిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. మందే కారణమని అది తేల్చలేదు గానీ, 'రోజూ చెమట పడుతుంది కాబట్టి మూడు నెలలకోసారి పెట్టించుకుంటా' అనే పిల్లకు వద్దని చెప్పడానికి అది చాలు. మళ్ళీ పెట్టించుకుంటే కొత్తగా వచ్చిన కుదుళ్ళకే, అదీ ఆరు నెలలు ఆగి.

మా విన్నపాలు రెండు. పార్లర్లు నడిపే అక్కచెల్లెళ్ళు మందు కలిపే ముందే 'నువ్వు ఏ ఆట ఆడతావు, వారానికి ఎన్నిసార్లు చెమట పడుతుంది' అని అడగాలి. వారానికి ఐదు రోజులు ఆడే పిల్లకు తరచు తలస్నానాలకు త్వరగా కడిగేసుకుపోయే కెరాటిన్ అమ్మడం న్యాయం కాదు. ఆ పిల్లకు చివర్లు కత్తిరించి, కట్టే పద్ధతి నేర్పి పంపినా మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. ఇక పాఠశాలలు, కాలేజీల వారు గేమ్స్ పీరియడ్‌ను మొదటి గంట నుంచి చివరి గంటకు మార్చాలి. చెమట తలతో ఆరు గంటలు క్లాసులో కూర్చోవాలంటే ఏ పిల్లైనా జంకుతుంది, ఆడి నేరుగా ఇంటికెళ్ళి స్నానం చేయగలిగితే జంకదు. అది కుదరని చోట ఆడపిల్లల గదిలో ఒక అద్దం, ఒక ఫ్యాను, డ్రయ్యర్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు, పావుగంట సమయం ఇవ్వండి. రెండు జడలు, రిబ్బన్లు అని నియమం ఉన్న బడుల్లో ఆటల గంటకు మాత్రం వదులు పోనీకి, తల గుడ్డకు అనుమతివ్వండి. జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఈ ఒక్క మార్పు చేయడానికి పైసా ఖర్చు లేదు.

ఇట్లు,
ఒక బ్యూటీషియన్, ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
అనంతపురం.